ముత్తాతగారి ఈటె

ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే భార్యకు సాయంత్రం డ్యూటీ పడింది. కుండీలకు నీళ్లు పోస్తూ పోస్తూనే, ఇకనుంచి రాత్రి వంట మీరే చూసుకోవాలండీ అంది. కళ్లజోళ్ల దుకాణం నడిపే భర్తకు ఠక్కున తన వంశం గుర్తుకొచ్చింది.

నిజానికి ఆయనకు వంశం తరచూ గుర్తుకొస్తూనే ఉంటుంది. పక్క దులపమన్నప్పుడు, చెత్తబుట్ట బయట పెట్టమన్నప్పుడు మరీను. ఆయన ముత్తాత సైన్యంలో పనిచేసి పింఛనూ, ఇనాం భూమీ సంపాదించిన మనిషి. భూమి తాతగారి హయాంలోనే హరించుకుపోయింది. మిగిలిందల్లా ముందుగది గోడకు మేకుల మీద నిలబెట్టిన పొడవాటి ఇనుపకడ్డీ. అది ముత్తాతగారి ఈటె. మొన ఏదండీ అంటే, శత్రువు గుండెల్లో ఉండిపోయిందని చెబుతాడు. విని విని వీధివాళ్లు ఆయనకు కమాండరని పేరు పెట్టారు. వాళ్లు వెక్కిరింతకే పెట్టినా, ఆయన దాన్ని బిరుదుగా పుచ్చుకున్నాడు.

"ఈటె పట్టిన వంశం మాది. నన్ను పొయ్యి దగ్గర నిలబడమంటావా?" అన్నాడు కమాండరు.

"ఈటె పట్టింది మీ ముత్తాతగారు. మీరు పట్టింది కళ్లజోళ్ల పెట్టె" అంది భార్య.

"రక్తం అదే కదా. కావాలంటే రికార్డు తెప్పిస్తా. అందులో మా ముత్తాత ఏ పని చేశాడని ఉంటే, ఈ ఇంట్లో నేనూ ఆ పనే చేస్తా. ఇంకొకటి ముట్టను."

భార్య తాను నీళ్లు పోస్తున్న పాత ఇనుప చిప్పకేసి ఒకసారి, గోడమీది కడ్డీకేసి ఒకసారి చూసింది. ఆ మాట మా అమ్మ ముందు ఇంకోసారి అనండి అంది. అత్తగారు కుర్చీ లాక్కుని కూర్చుని మరీ విన్నారు. భార్య ఇంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకుందా అని అనుమానించే తెలివి ఆ పూట ఆయనకు లేకపోయింది.

జవాబు వచ్చేదాకా రాత్రి వంట అత్తగారు చూసుకునేట్టు, పాత సైనిక రికార్డుల ఆఫీసుకు అర్జీ వెళ్లింది. అది వెళ్లిన దగ్గర్నుంచి దుకాణానికి వచ్చినవాళ్ల పని అయిపోయింది. కళ్ల పరీక్షకు గడ్డం స్టాండుమీద ఆనించాక కదలకూడదు గనక, ముత్తాతగారి కథ అయ్యేదాకా ఎవరూ కదలడానికి లేదు. మొదట్లో ఒక్క కోట ఎక్కిన ముత్తాత, పోనుపోను కనబడిన కోటనల్లా ఎక్కేశాడు. కుడిచేతి గాయానికి పింఛను ఇచ్చారట కదా అంటే, ఫిరంగి గుండుకు చెయ్యి అడ్డం పెట్టాడని చెప్పేవాడు. అలా పెడితే చెయ్యి మిగులుతుందా అని పక్కింటి లెక్కల మాస్టారు అడిగాడు. ఆ తరువాత ఆయన కళ్లజోడు ఎన్నాళ్లకూ తయారు కాలేదు.

చివరికి, వచ్చి నకలు తీసుకోమని ఆఫీసునుంచి కబురొచ్చింది. అక్కడ ఒక పద్ధతి ఉంది. ఒకే పేరున్న సిపాయిలు బోలెడుమంది గనక పేరు పెట్టి పిలవరు, పూర్వీకుడి దళమూ హోదా చదివి పిలుస్తారు. ఆ పిలుపు నలుగురి చెవినా పడాలని భార్యనూ, అత్తగారినీ, కళ్లజోడు ఇస్తానని ఆశపెట్టి లెక్కల మాస్టారునీ వెంటబెట్టుకుని వెళ్లాడు కమాండరు.

"గుర్రపు దళం, నాయకుడి తాలూకు" అని పిలిచాడు గుమాస్తా. ఒకాయన మీసం సవరించుకుంటూ లేచాడు. కమాండరు కుర్చీ అంచుకు జరిగాడు.

"కాలిబంట్ల దళం, వంటవాడి తాలూకు."

ఎవరూ లేవలేదు. గుమాస్తా గొంతు పెంచి మళ్లీ పిలిచాడు. పాపం ఎవరా అని కమాండరు కూడా వెనక్కి తిరిగి చూశాడు. ఈసారి గుమాస్తా అర్జీదారు పేరు, దుకాణం చిరునామాతో సహా చదివాడు.

భార్య లేచి, "మేమేనండీ" అంది.

ఏదో పొరపాటు జరిగుంటుంది, మా ముత్తాతకు చేతిమీద గాయం ఉండాలి అని నసిగాడు కమాండరు. గుమాస్తా పాపం సాయం చేద్దామనే అదీ పైకి చదివాడు. మరిగే గంగాళం ఒలికి కుడిచెయ్యి కాలినందుకు పింఛను. వరదలో దళం చిక్కుకుపోతే, ఆ కాలిన చేత్తోనే పడవలో పొయ్యి పెట్టి, వరద తగ్గేదాకా అందరి కడుపూ నింపినందుకు ఇనాం భూమి. గుర్రపు దళం తాలూకు ఆయన మీసం వదిలేసి విన్నాడు.

"అయితే చెయ్యి మిగిలిందన్నమాట" అన్నాడు లెక్కల మాస్టారు.

ఇంటికొచ్చినా కమాండరు ఓటమి ఒప్పుకోలేదు. వంటవాడి ఇంట్లో ఈటె ఎందుకుంటుందని నిలదీశాడు. భార్య కడ్డీని గోడమీదనుంచి దించింది. కుండీల దగ్గరి ఇనుప చిప్ప తెచ్చింది. చిప్పకు పక్కన గొట్టంలాంటి తొడుగుంది. కడ్డీ కొస అందులోకి దోపితే బిగుతుగా కూర్చుంది. దళానికంతకూ వడ్డించగల గరిటె తయారైంది.

"నీకిది ఎప్పట్నుంచి తెలుసు?"

"అటక దులిపినప్పట్నుంచి. ఈ చిప్ప అక్కడే దొరికింది."

"ఒక్కమాట చెప్పకూడదూ?"

"చెప్పబోయినప్పుడల్లా మీరు కోటమీద ఉండేవారు" అంది భార్య. తరువాత గరిటెను చీరచెంగుతో తుడిచి, "ఈటెను చూసి నేనేనాడూ గర్వపడలేదండీ. దీన్ని చూస్తే మాత్రం గర్వంగా ఉంది. ఎంతమంది ఆకలి తీర్చిందో" అంది.

కమాండరు గరిటెను చేతిలోకి తీసుకున్నాడు. ఆ ముత్తాతమీద ఆయనకు మొదటిసారి నిజంగా ప్రేమ కలిగింది. మా ముత్తాత గొప్పవాడే అని మనస్ఫూర్తిగా తలూపాడు. ఊపాక గానీ తానిచ్చిన మాట గుర్తుకు రాలేదు.

అప్పటికే భార్య బ్యాగు భుజాన వేసుకుని వీధిలోకి దిగింది. అత్తగారు కుర్చీని వంటింటి గుమ్మం దాకా లాక్కుని, తీరిగ్గా కూర్చున్నారు.

"బియ్యం కడగండి అల్లుడుగారూ" అన్నారు. "మీ దళం ఆకలితో ఉంది."