లైను మీదే పడిందండి బాబూ

టెన్నిస్ ఆటకి ప్రపంచమంతటా ఒకే రకం నిబంధనలు ఉన్నాయనే అపోహ చాలాకాలంగా ప్రచారంలో ఉంది. అది నర్సీపట్నం చూడనివాళ్లు పుట్టించిన మాట. మా ఊళ్లో ఆ రోజుల్లో 'డివిజను అధికారుల సాయంకాల వినోద సంఘం' అనే సంస్థ ఒకటి ఉండేది. దానికి పేడతో అలికిన కోర్టు ఒకటి, ఆ కోర్టుకి ఒక వల, ఆ వలకి ఇంగ్లీషువాళ్లు వెళ్తూ వెళ్తూ వదిలిపెట్టిన ఒక చిల్లు ఉండేవి. నిబంధనలు మాత్రం పూర్తిగా స్వదేశీ. వాటిలో నాలుగోది ఇలా ఉండేది: "బంతి గీతకు లోపల పడినదా, వెలుపల పడినదా అను విషయము, బంతి పడిన చోటును బట్టి గాక, కొట్టినవారి హోదాను బట్టి నిర్ణయింపబడును."

(నవ్వేవాళ్లు నవ్వవచ్చు. ఏ ఆఫీసులోనైనా ఇంతకంటే అర్థమయ్యే నిబంధన ఒకటి చూపిస్తే నేనూ నవ్వుతాను.)

ఈ పద్ధతి వల్ల ఆట చాలా ప్రశాంతంగా సాగేది. పైఅధికారి గెలిచేవారు, కింది అధికారి అభినందించేవారు. హోదాలు సమానమైతే సర్వీసులో ముందు చేరినవారు గెలిచేవారు. ఒక్క 1974లో మాత్రం ఒకేరోజు సర్వీసులో చేరిన ఇద్దరు ఎదురుబొదురు పడ్డారు. ఆ ఆట మూడు వారాలు సాగి, ఒకరికి బదిలీ ఉత్తర్వు రావడంతో ముగిసింది. బదిలీ అయినవారు ఓడినట్టు నమోదు చేశారు.

ఈ న్యాయాన్ని అమలు చేసే మనిషి పేరు సామ్యేలు. ఉద్యోగం మార్కరు. అంటే కోర్టు అలికించి సున్నంతో గీతలు గీయడం, వల బిగించడం, జత దొరకని ఆఫీసరుకి ఎదురు నిలబడి ఓడిపోవడం, అన్నిటికంటే ముఖ్యంగా బంతి ఎక్కడ పడిందో పైకి చెప్పడం. సంఘం అధ్యక్షులవారు కొట్టిన బంతి ఊరవతల బలిఘట్టం వైపు ఎంత దూరం వెళ్లినా సరే, సామ్యేలు స్టూలు మీంచి లేచి చేతులు కట్టుకుని, "లైను మీదే పడిందండి బాబూ" అనేవాడు. ఇంతటి పనిమంతుడు 1963 నుంచీ టెంపరరీ. అతన్ని పర్మనెంటు చెయ్యాలనే ఫైలుని, వచ్చిన ప్రతి అధ్యక్షులవారూ సానుభూతితో పరిశీలిస్తూ, పరిశీలిస్తూ, బదిలీ అయిపోయేవారు. పర్మనెంటయితే ముసలితనంలో పింఛను వస్తుంది, మిషను కాంపౌండులో ఆయాగా పనిచేసే భార్య ఎస్తేరమ్మ కాస్త నడుం వాల్చుకోవచ్చు. ఆ ఇంట్లో ప్రతి ఆదివారం ప్రార్థనలో లోకశాంతి తర్వాత వచ్చే అంశం ఈ ఫైలే.

సామ్యేలుకి మోకాలు పట్టేసినప్పుడు అతని కూతురు కరుణకుమారి రాకెట్టు పట్టుకుంది. అప్పటికి ఆ పిల్ల గౌను వేసుకునే వయసులో ఉంది. ఓడిపోవడమంటే తేలిక అనుకునేవాళ్లు ఎన్నడూ ఆఫీసరుతో ఆడి ఉండరు. ఆ కాలపు అధ్యక్షులవారు కొండచింతపండు నాణ్యతా తనిఖీ శాఖకి డివిజనల్ అధికారి. ఎడమవైపు వచ్చిన బంతిని ఆయన గుర్తించేవారు కాదు. కుడివైపు కూడా నడుమెత్తులో, నెమ్మదిగా, తిన్నగా రాకెట్టు మధ్యకి వస్తేనే స్వీకరించేవారు. కరుణకుమారి కొన్నేళ్లపాటు ప్రతి సాయంత్రం ఏ ఆఫీసరు రాకెట్టు ఎక్కడుందో చూసి, బంతిని సరిగ్గా అక్కడికి పంపి, ఆయన కొట్టాక "అబ్బ! ఏం కొట్టారండీ" అంటూ పెరిగింది. చదువు కూడా పక్కనే సాగింది.

1978లో ఆ అమ్మాయి మా కాలేజీలో చేరింది. ప్రతి కాలేజీకీ టెన్నిస్ జట్టు ఉండి తీరాలని పైనుంచి ఉత్తర్వు వచ్చిన ఏడాది అది. కోర్టు ఉండాలని ఉత్తర్వులో లేదు కాబట్టి మాకు లేదు. ఎకనామిక్స్ చెప్పుకునే నన్ను పట్టుకుని టెన్నిస్ ఇన్‌ఛార్జిని చేశారు. స్టాఫు మొత్తానికి తెల్లప్యాంటు ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే కావడం నా అర్హత. జట్టంటే కరుణకుమారి. కెప్టెనూ ఆమే, రిజర్వు ఆటగత్తే ఆమే. జ్వరమొస్తే ఇద్దరూ ఒకేసారి పడుకునేవారు.

మొదటిసారి అంతర కళాశాలల పోటీలకి విశాఖ వెళ్లాం. బస్సులో కండక్టరు రాకెట్టుని సంగీత వాయిద్యంగా పరిగణించి వెనకసీటుకి పంపాడు. ఇక ఆట చెప్పనక్కర్లేదు. మద్రాసు నుంచి వచ్చి విశాఖలో చదువుతున్న ఒక అమ్మాయి ఎదురు నిలబడింది. మనమ్మాయి కొట్టిన ప్రతి బంతీ వెళ్లి ఆ అమ్మాయి రాకెట్టు మధ్యలో కూర్చుంది. జనం ఊగిపోయారు. ఇంత అందమైన ఆట తాము చూడలేదని న్యాయనిర్ణేతలే అన్నారు. ఆరు-సున్నా, ఆరు-సున్నాతో ఓడిపోయాం. ఆఖర్న కరుణకుమారి వల దగ్గరికి వెళ్లి ఆ అమ్మాయి ముందు చేతులు కట్టుకుని నిలబడి, ఆపైన నమస్కారం పెట్టింది. నాకు తిక్కరేగి, తిరుగు బస్సులో రాకెట్టుని నేనే వెనకసీటుకి పంపేశాను.

ఇంటికి దిగబెట్టడానికి వెళ్తే ఎస్తేరమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఏటయిందే?"

"ఓడిపోయానమ్మా."

"ఆ పిల్ల ఏ ఆఫీసులో పన్జేస్తాదేటి?"

"ఎక్కడా చెయ్యదు. నాలాగే చదువుకుంటంది."

"దాని బాబు ఆఫీసరా?"

"బట్టలకొట్టట."

"మరెందుకే ఓడిపోనావు?" అంది ఎస్తేరమ్మ, నిజంగానే అర్థం కాక.

కరుణకుమారి నా వైపు చూసింది. నాకు ఎకనామిక్స్‌లో ఎమ్మే ఉంది. ఆ ప్రశ్న నాకెందుకు తట్టలేదో ఇప్పటికీ తెలియదు.

ఆ తర్వాత జరిగింది పేపర్లలో వచ్చింది కాబట్టి క్లుప్తంగా చెబుతాను. రాకెట్టు ఎక్కడుంటే అక్కడికి బంతి పంపగలిగిన మనిషికి రాకెట్టు లేనిచోటికి పంపడం ఓ లెక్కా? మరుసటేడు అంతర కళాశాలల కప్పు తెచ్చింది. ఆ పైయేడు అంతర విశ్వవిద్యాలయాలది. బీయే పాసయ్యాక మద్రాసు వెళ్లింది, కలకత్తా వెళ్లింది, 1982లో ప్రొఫెషనల్ అయింది.

ఈ ఆఖరి మాట మీద సంఘంలో పెద్ద చర్చ నడిచింది. ఆట ఆడి డబ్బు తీసుకోవడం నీతి కాదని సభ్యులందరూ ముక్తకంఠంతో అన్నారు. (పనివేళల్లో ఆడుకుని నెలనెలా జీతం తీసుకునేవారిని అమెచ్యూరు అనీ, గెలిస్తేనే నాలుగు మెతుకులు దొరికేవారిని ప్రొఫెషనల్ అనీ అంటారని నాకు ఆ రోజే బోధపడింది.) అయినా ఊరి పిల్ల కదా అని పెద్దమనసుతో క్షమించారు.

సెలవులకి ఇంటికొస్తే మాత్రం ఆ పిల్ల పద్ధతి తప్పేది కాదు. రాకెట్టు పట్టుకుని సంఘానికి వెళ్లి, యథాప్రకారం ఓడిపోయి వచ్చేది. ఫైలు ఇంకా పరిశీలనలోనే ఉంది మరి. నా లెక్కప్రకారం ఆ రోజుల్లో కరుణకుమారిని ఓడించగలిగినవాళ్లు దేశం మొత్తమ్మీద ముగ్గురుంటే, ఒక్క నర్సీపట్నంలోనే తొమ్మిది మంది ఉండేవారు. అందులో ఒకాయనకి కీళ్లవాతం.

1985లో ఆమె కొలంబోలో ఒక టోర్నమెంటు గెలిచింది. సంఘం సన్మానం తలపెట్టింది. శాలువా, పూలదండ, ఆపైన, అదే చింతపండు శాఖకి కొత్తగా వచ్చి, పాతాయనలాగే ఎడమవైపు బంతిని గుర్తించని కొత్త అధ్యక్షులవారితో ఒక సెట్టు ప్రదర్శన ఆట. అధ్యక్షులవారు నన్ను పక్కకి పిలిచి, ఆట ముగిశాక సామ్యేలు ఫైలు మీద అదే వేదిక మీద సంతకం చేద్దామనుకుంటున్నామన్నారు. "ఆట సజావుగా ముగిస్తే," అని కూడా అన్నారు. సజావుగా అనే మాటకి అర్థం నాలుగో నిబంధనలో ఉంది.

కరుణకుమారికి చెప్పాను. "దానికేం మాస్టారూ, ఓడిపోతాను. నాన్నకి పింఛను వస్తది కదా," అంది నవ్వుతూ. నాకు ఒళ్లు మండిపోయింది. కొలంబోలో గెలిచిన పిల్ల చింతపండు చేతిలో ఓడాలా! కాని నేను పర్మనెంటు మనిషిని. నా కోపానికి విలువేముంది?

ఆ సాయంత్రం రావికమతం నుంచి కూడా జనం వచ్చారు. ఎస్తేరమ్మ గంజిపెట్టిన తెల్లచీర కట్టుకుని ముందువరసలో కూర్చుంది. సామ్యేలు స్టూలు మీద ఉన్నాడు. ఆట అద్భుతంగా సాగింది. కరుణకుమారి ఎంత నేర్పుగా ఓడిందంటే, అధ్యక్షులవారికి తాను నిజంగానే ఆడుతున్నానన్న నమ్మకం కలిగింది. ఆ నమ్మకమే కొంప ముంచింది. అయిదు-నాలుగు మీద, ఇంకొక్క పాయింటు వస్తే గెలుపనగా, ఆయన చూపరుల కోసమని బలం కొద్దీ ఒక్క దెబ్బ కొట్టారు.

బంతి కరుణకుమారి నెత్తి మీదుగా, గీత మీదుగా, అలికిన నేల దాటి వెళ్లి ముఖ్య అతిథుల వరసలో మా ప్రిన్సిపాలుగారి చెప్పు పక్కన పడింది. ఆయన కాళ్లు వెనక్కి తీసుకున్నారు. జనం చప్పట్లు మొదలుపెట్టారు. కార్యదర్శిగారు పూలదండ ఎత్తారు, ఫైలూ పెన్నూ బల్ల మీదకి వచ్చేశాయి. ఇంక సామ్యేలు తన మాట అనడమే తరువాయి.

సామ్యేలు లేచాడు. చేతులు కట్టుకోలేదు. కూతురు వైపు చూశాడు. వద్దు నాన్నా, మామూలు మాటే అనెయ్యి అన్నట్టు ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది.

"అవుటండి బాబూ," అన్నాడు సామ్యేలు.

చప్పట్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. అధ్యక్షులవారు వల దగ్గరికి వచ్చారు.

"సరిగ్గా చూశావా సామ్యేలూ?"

"సూడ్డం ఎప్పుడూ సరిగ్గానే సూసేనండి. సెప్పడమే ఇయ్యాల సరిగ్గా సెప్పేను."

ముందువరసలోంచి ఎస్తేరమ్మ, "ఇంకేటే సూత్తావు, ఆడు!" అని అరిచింది. తర్వాత ఆటంతా పది నిమిషాలు. ఎడమవైపు అనేది ఒకటుందని అధ్యక్షులవారికి ఆ సాయంత్రమే తెలిసింది. ఏడు-అయిదు. నేను తెల్లప్యాంటుతో నేల మీద చతికిలబడి ఏడ్చాను, సిగ్గేం లేదు.

మర్నాడే సంఘం అత్యవసరంగా సమావేశమైంది. అధ్యక్షులవారి బంతి బయట పడదు, ఇది నిబంధన. సామ్యేలు బయట పడిందన్నాడు. కాబట్టి సామ్యేలు చూపులో లోపం ఉండి తీరాలి. పరీక్ష చేయించాలన్నారు. సభ్యుల్లో వైద్యుడంటూ ఉన్నది పశువైద్యాధికారి ఒక్కరే. ఆయన సామ్యేలు రెప్పలు ఎత్తి, దించి, "ఈ కళ్లతో ఎద్దయితే ఇంకో పదేళ్లు నాగలి లాగుతుంది," అన్నారు. దాన్ని అసమ్మతిగా రాసుకుని ముందుకి సాగారు. ఇన్నేళ్లు ఏ లోపమూ లేని చూపు ఒక్క సాయంత్రంలో పూర్తిగా పాడైపోవడం పట్ల సంఘం విచారం ప్రకటించింది. కంటిచూపు సరిగ్గా లేని మనిషిని పర్మనెంటు చెయ్యడానికి నిబంధనలు ఒప్పుకోవు కనుక విధుల నుంచి తొలగించింది.

ఎస్తేరమ్మ మాత్రం ఆయా పని మానేసింది. కూతురు ఇద్దరినీ మద్రాసు తీసుకుపోతానంది. సామాను కట్టుకుంటుండగా సంఘం గుమస్తా తీర్మానం పట్టుకుని వచ్చాడు. అప్పటికి పొద్దుగూకింది, కరెంటు లేదు. అది మూడో కార్బను కాపీ, మసక మసకగా ఉంది. నాకు అద్దాలు పెట్టుకున్నా ఒక్క ముక్క కనబడలేదు. సామ్యేలు దాన్ని చేత్తో దూరంగా పట్టుకుని, తన చూపు పోయిందన్న సంగతి మొదటి అక్షరం నుంచి చివరి పొల్లు దాకా మాకు చదివి వినిపించి, గుమస్తా దగ్గర పెన్ను తీసుకుని సంతకం పెట్టాడు.

సంతకం లైను మీదే పడింది.