జోప్‌ల పెద్దావిడ వచ్చే రోజు

ఆ బుధవారం పొద్దున ఖుదియా న్జాయ్ అనుకున్న పనులు మూడే. పది గంటలకు సెయింట్ లూయీ పట్నం నుంచి ఇంటి యజమానురాలు వస్తుంది. ఒంటిగంటకు ఆవిడకు చేపల అన్నం పెట్టి, మేడమీది గది అద్దెకు ఇచ్చుకోవడానికి సరేననిపించుకోవాలి. నాలుగింటికి ఆ గదిలో దిగడానికి మొదటి అతిథి వస్తుంది. మధ్యలో పిల్లవాడికి పాలు పట్టడానికి, తను ఓసారి కుదురుగా కూర్చుని భయపడడానికి కూడా వేళ మిగిలింది.

భయానికి కారణం లేకపోలేదు. భర్త లామిన్ పడవ ఇంజను పాడై రెండు నెలలైంది. ఇప్పుడు ఇక్కడి యోఫ్ రేవులోనే ఇంకొకరి పడవ ఎక్కి, పొద్దుగూకేసరికి ఇంటికి వస్తున్నాడు. గది అద్దెకు పోకపోతే వచ్చే నెల నుంచి ఉత్తరాన మారిటానియా వైపు పోయే పెద్ద పడవలు ఎక్కుతానన్నాడు. వాటిలో వెళ్ళినవాళ్ళు రెండు నెలలకోసారి ఇంటి ముఖం చూస్తారు. వెనక సందులో ఒకామె భర్త ఆ చూడడమే మానేశాడు. అయిదు నెలల ఇబును ఒళ్ళో వేసుకున్నప్పుడల్లా ఖుదియాకు ఆ సంగతే గుర్తుకొచ్చేది.

ఇంటావిడ పేరు రొఖయా జోప్. ఇల్లు అద్దెకు మాట్లాడినది ఆవిడ తమ్ముడు కాబట్టి ఖుదియా ఆవిడను ఎన్నడూ చూడలేదు. పొద్దున్నే పక్కింటి మగెత్, చేపల బుట్ట నడుముకు ఆనించుకుని, గోడమీంచి తల పెట్టింది.

"ఆవిడ జోప్. నువ్వు న్జాయ్. ఎట్లా పలకరించాలో వేరే చెప్పాలా?"

చెప్పక్కర్లేదు. ఆ రెండు ఇంటిపేర్ల మధ్య తాతల నాటి నుంచి బావామరదళ్ళ వరస లాంటిదొకటి నడుస్తోంది. ఎదురుపడితే తిట్టుకోవాలి. జోప్‌లు అన్నం కుండ కనబడితే ఆగలేని తిండిపోతులనీ, తమ ఇంటి పాలేర్లనీ న్జాయ్‌లు అంటారు. అవే మాటలు జోప్‌లు తిరగేసి వీళ్ళను అంటారు. బస్సులో టిక్కెట్లు కొట్టేవాడైనా కోర్టులో జడ్జీ అయినా, ఇంటిపేరు తెలిసిందంటే వదిలిపెట్టరు.

"పెద్దవాళ్ళ ముందు నాకు నోరు పెగలదు అక్కా," అంది ఖుదియా.

"పెగిలించు. గుమ్మంలోనే మొదలుపెట్టు. అన్నంలో ఉప్పు తక్కువైతే సర్దుకుంటుంది గాని తిట్లలో తక్కువైతే సర్దుకునే మనిషి కాదట."

ఇబుకు నీళ్ళు పోస్తూ ఖుదియా సాధన చేసింది. "వచ్చావా తిండిపోతూ" అనగానే వాడు గుక్కపట్టి ఏడ్చాడు. గొంతు సరిపోయిందని ఆమెకు కొంచెం ధైర్యం వచ్చింది.

తొమ్మిదిన్నరకే తలుపు చప్పుడైంది. గుమ్మంలో నీలం రంగు వదులు గౌను వేసుకుని, తలకు అదే గుడ్డ చుట్టుకుని, నిండుగా ఉన్న పెద్దావిడ ఒకామె నిలబడి ఉంది. పక్కన చక్రాల పెట్టె. "నమస్కారం అమ్మా" అంది ఫ్రెంచిలో.

హాయిగా ఇంట్లో మాట్లాడుకునే వోలోఫ్ ఉండగా ఫ్రెంచి. ఫ్రెంచి దొరలేలిన సెయింట్ లూయీ టెక్కంటే ఇదే కాబోలనుకుని, అయిదో తరగతిలో ఆగిపోయిన తన ఫ్రెంచి అంతా కూడదీసుకుని ఖుదియా మొదలుపెట్టింది.

"వచ్చావా తిండిపోతూ. సందు మొదట్లో నీ అడుగు పడగానే మా బియ్యం బస్తా వణికింది. పెట్టె ఎందుకు తెచ్చావు, మిగిలిన అన్నం సర్దుకుపోవడానికా?"

పెద్దావిడ వెనక్కి తిరిగి చూసింది. సందులో కట్టేసిన గొర్రె తప్ప ఎవరూ లేరు.

"నన్నేనా అమ్మా అంటున్నది?"

"నిన్ను కాక గొర్రెనా? గొర్రె పెట్టినంతే తింటుంది. లోపలికి రా. మా పాలేరువి నువ్వు గుమ్మంలో నిలబడితే లోపల పనెవరు చేస్తారు?"

ఆవిడ చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. ముఖంలో కోపం లేదు. కొత్త ఊరి సంతలో నిలబడ్డ మనిషిలా కళ్ళు మాత్రం పెద్దవి చేసుకుని చూస్తోంది. చాపమీద కూర్చోగానే చేతిసంచిలోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకుంది. ఖుదియాకు అనుమానం వచ్చింది. ఇంట్లో లోపాలు రాస్తోందేమో. తిట్లు తక్కువయ్యాయేమో.

"రాసింది చాలు. ఉల్లిపాయలు తరుగు. కూర్చుని తినే యోగం మీ వంశంలో ఎవరికీ రాసిపెట్టలేదు."

"ఇది ఇక్కడి పద్ధతా?"

"ఏమీ ఎరగనట్టు అడుగుతోంది చూడు."

పెద్దావిడ ఉల్లిపాయలు తరిగింది. సన్నగా, పొందికగా తరిగింది. కళ్ళు తుడుచుకుంటూ అడగడం మొదలుపెట్టింది. చేప పొట్టలో కూరుతున్న ఆ పచ్చముద్ద దేంతో చేశావు, నూకలే ఎందుకు వండుతారు, రేవులో పడవలకు అన్ని రంగులు ఎందుకు? ఖుదియా ఒక్కో జవాబుకూ ఒక్కో తిట్టు జోడించింది. జోడించేకొద్దీ అలవాటైంది. అలవాటయ్యేకొద్దీ తను ఇంత గడుసుదాన్నని ఇన్నాళ్ళూ తెలియలేదే అనిపించింది.

"ఇక నా గది చూడొచ్చా?" అంది ఆవిడ, కత్తి కింద పెట్టి.

ఇల్లు ఆవిడది, గది ఆవిడది. ఖుదియా ఇబును వీపున కట్టుకుని మేడమీదికి తీసుకెళ్ళింది. చక్రాల పెట్టె కూడా ఆవిడ తనే మోసుకుని పైకి వచ్చింది. కిటికీలోంచి సముద్రం, ఒడ్డున బోర్లించిన పడవలు, వల బాగుచేసుకుంటున్న మనుషులు కనిపిస్తున్నారు. ఆవిడ చాలాసేపు అట్లాగే చూసి, "ఇక్కడ ఆరు రోజులు కాదు, అరవై రోజులైనా ఉండొచ్చు" అంది.

"ఆరు రోజులా?"

"ఆరే. ఎక్కువా?"

ఇంటావిడ ఆరు రోజులు గదిలో తిష్ఠ వేస్తే నాలుగింటికి వచ్చే అతిథిని ఎక్కడ పెట్టాలి? ఖుదియా పిట్టగోడ దగ్గరికి పరుగెత్తి పక్కింటి మగెత్‌కు వోలోఫ్‌లో కేక పెట్టింది.

"అక్కా, గోరే దీవి చూసుకుని వస్తానన్న ఆవిడకి కబురు పంపు. రావొద్దని చెప్పు. గది ఈ పెద్దమ్మ ఆక్రమించేసింది."

అందులో పెద్దావిడకు అర్థమైనది గోరే అన్న మాటొకటే.

"గోరేకి వెళ్ళాల్సింది నేనే అమ్మా. అలలు ఎక్కువగా ఉన్నాయని పడవ ఆపేశారు. అందుకే తిన్నగా ఇక్కడికి వచ్చేశాను."

ఖుదియా పిట్టగోడ వదిలి వెనక్కి తిరిగింది. "మీ... మీ ఇంటిపేరు?"

"ఎబెల్లే. కామెరూన్‌లో దువాలా మాది. బళ్ళో భూగోళం చెప్పి కిందటేడే రిటైరయ్యాను."

ఖుదియా పొద్దుట్నుంచి అన్నవన్నీ లెక్కపెట్టుకుంది. దేశం దాటి వచ్చిన పంతులమ్మను పాలేరన్నది. గొర్రెతో పోల్చి గొర్రెను మెచ్చుకుంది.

"క్షమించండమ్మా. వేరే ఆవిడ అనుకున్నాను."

"అంటే ఆవిడను ఎప్పుడూ ఇట్లాగే తిడతావా?"

"లేదండీ. ఆవిడను ఇంతవరకూ చూడనే లేదు."

"చూడని మనిషినా?"

"ఇంటిపేరు తెలుసు కదండీ."

మదామ్ ఎబెల్లే పుస్తకం మళ్ళీ తీసింది. ఆ పుస్తకం చూసేసరికి ఖుదియాకు ఏడుపొచ్చింది. ఇక ఈ రోజుకు ఏ పెద్దమనిషినీ ఒక్క మాట కూడా అనకూడదని అక్కడే గట్టిగా అనుకుంది.

పదకొండున్నరకు టాక్సీ ఆగింది. సన్నటి ముసలావిడ ఒకామె కర్ర ఊతంగా దిగి, ఎండుచేపల మూట చంకన పెట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "ఖుదియా న్జాయ్ నువ్వేనా? నేను రొఖయా జోప్‌ని" అని, పెదవులు బిగించి, ఏదో అందుకోవడానికి సిద్ధపడినట్టు నిలబడింది.

ఖుదియాకు తిట్లన్నీ గుర్తున్నాయి. ఒక్కటీ బయటికి తియ్యదలుచుకోలేదు.

"దయచేయండి పెద్దమ్మగారూ. ప్రయాణం సుఖంగా జరిగిందా? కాళ్ళకు నీళ్ళు తెమ్మంటారా?"

ముసలావిడ ముఖం వాడిపోయింది. వచ్చి చాపమీద కూర్చుంది. ఖుదియా రెండు చేతులా అందించిన గోంగూర పూల షర్బత్ ఒక గుక్క తాగి, గ్లాసు పక్కన పెట్టేసింది.

"ఇంట్లో ఎవరైనా పోయారా?"

"లేదండీ."

"నాకేమైనా జబ్బని మా తమ్ముడు చెప్పాడా?"

"అయ్యో, లేదండీ. మీరు నిండు నూరేళ్ళూ చల్లగా ఉండాలి."

"నేను చల్లగా ఉండాలని ఒక న్జాయ్ పిల్ల కోరుతోందంటే కొంపలో ఏదో జరిగింది." ముసలావిడ కర్ర అందుకుంది. "టాక్సీ తోలినవాడూ మీవాడే. దారి పొడుగునా మా ముత్తాతల్ని ఒక్కర్నీ వదల్లేదు, ఎంత బాగా పొద్దుపోయింది. నువ్వేమో అండీ అంటున్నావు. ఏం దాస్తున్నావు?"

దాస్తున్నది మేడమీద ఉంది. ఆవిడ మెట్లెక్కి, గదిలో చక్రాల పెట్టెను, దాని పక్కన మదామ్ ఎబెల్లేను చూసి, మెట్లు దిగి వచ్చింది. మదామ్ ఆవిడ వెనకే దిగింది.

"అడక్కుండానే దించేశావు. నెలాఖరుకి ఇల్లు ఖాళీ చెయ్యి."

గది పోయింది, ఇప్పుడు ఇల్లూ పోతోంది. ఖుదియాకు కళ్ళముందు మారిటానియా పడవ కనిపించింది. వీపున ఇబు ఏడుపు అందుకున్నాడు.

"ఆగు," అంది. "పొద్దుట్నుంచి నీకోసమే పొయ్యి దగ్గర చస్తున్నాను. నీకని దాచుకున్న తిట్లన్నీ పాపం ఈవిడకు పెట్టేశాను. మర్యాద చేస్తే అరగదు, పెట్టె కనబడితే కళ్ళు మండుతాయి. గది అద్దె రాక మా ఆయన మారిటానియా పడవ ఎక్కి తిరిగి రాకపోతే నువ్వు తెచ్చిస్తావా? మీ వంశంలో పొట్టకు పెట్టిన శ్రద్ధలో ఆవగింజంత బుర్రకు పెట్టి ఉంటే ఈపాటికి మనుషుల్లో కలిసేవాళ్ళు. పో, టాక్సీ ఎక్కు. అన్నం కుండతో సహా సముద్రంలో పోస్తాను గాని నీకు ఒక్క మెతుకు పెట్టను."

ఇందులో సరసం ఏమీ లేదు. ప్రతి మాటా కడుపులోంచి వచ్చింది. అని ఖుదియా తలుపు బార్లా తీసింది. మదామ్ ఎబెల్లే దగ్గరికి వచ్చి చెవిలో, "ఇది పద్ధతా, నిజం కోపమా?" అని అడిగింది.

"నాకూ తెలియడం లేదమ్మా."

ముసలావిడ కర్ర గోడకు ఆనించి, మళ్ళీ చాపమీద కూర్చుని, కాళ్ళు చాపుకుంది. ముఖం విచ్చుకుంది.

"బాగా పెంచారు నిన్ను," అంది. "ఆ సముద్రంలో పోస్తానన్న కుండ ఇటు పట్రా. గదిదేముందే, ఇచ్చుకో. మీ ఆయన్ని ఇంటిపట్టునే ఉండమను."

ఖుదియా కళ్ళు తుడుచుకుని పెద్ద పళ్ళెం మధ్యలో పెట్టింది. ముగ్గురూ చుట్టూ కూర్చున్నారు. సగం పళ్ళెం ఖాళీ అయ్యాక ముసలావిడ ఫ్రెంచిలోకి మారి మదామ్ ఎబెల్లే వైపు తిరిగింది.

"నాకు రావాల్సినవన్నీ నువ్వు తిన్నావటగా. ఏమేం అంది?"

మదామ్ పుస్తకం చూసి వరసగా చెప్పింది. ముసలావిడ ఒక్కోదానికీ తల ఊపింది.

"ఇన్ని పడి ఊరికే పోతే మాకు నామోషీ. ఈ రోజు నుంచి నువ్వూ జోప్‌వే."

"అయితే ఈ పిల్లను నేను కూడా తిరిగి అనొచ్చా?"

"అనాలి."

మదామ్ చేప ముల్లు తీసి పక్కన పెట్టి, బళ్ళో వెనక బెంచీ వైపు చూసినట్టు ఖుదియా వైపు చూసి, గొంతు సవరించుకుంది.

అలా పొద్దున పడిన తిట్లకు మధ్యాహ్నానికి ఇంటిపేరు కుదిరింది.