మేఘానికెక్కిన నాలుగు వేల ఆకులు

ఏనుగు నడిచినా నాలుగు రోజులు పట్టే ఒక పెద్ద అడవిలో, ఏ బొరియ ఎవరిదో రాసిపెట్టే ఆఫీసు ఒకటి ఉండేది. బొరియకొక ఆకు. మొత్తం నాలుగు వేల మూడు వందల పన్నెండు. ఈ లెక్క ఆఫీసు మొత్తంలో కొత్తగా చేరిన ఉడుత నీలవేణి ఒక్కదానికే నోటికొచ్చు.

అడిగినప్పుడు ఆకు చూపించలేకపోతే, ఎవరు కూర్చుంటే వాళ్లదే బొరియ, తొర్రయినా అంతే. అది చట్టం. నీలవేణి తొర్రలో ఇంకా కళ్లు తెరవని పిల్లలు ముగ్గురు.

ఆఫీసు గుహ కారుతోంది. కొత్త గుహ సిద్ధమయ్యేదాకా ఆకులన్నీ మేఘంలో దాచాలని ఆఫీసరు ఏనుగుగారు తీర్మానించారు. మేఘం దాకా మోసేవి కొంగలు. చీటీలో ఏముంటే అదే చేస్తాయి, అంతకు మించి ఈక కదపవు.

చీటీ ఇచ్చేది భద్రతాధికారి నక్క. "పైకి పంపవచ్చు" అని రాశాడు. "దరఖాస్తుదారు ఆకు సరిచూడనిదే మరే అనుమతీ చెల్లదు" అని కింద మరో వాక్యం చేర్చాడు.

"కిందికి దించుకోవచ్చని కూడా రాయండి సార్," అంది నీలవేణి.

"అడిగినవన్నీ ఇచ్చేస్తే ఇంక భద్రతేముందమ్మాయ్?"

"పోనీ, ఒక్క ఆకు పంపి తిరిగి తెప్పించి చూద్దాం. పది నిమిషాల పని."

"వెళ్తే చాలు. వెళ్లిందంటే లైను కలిసినట్టే."

ఖాళీ ఆకు ఒకటి పంపారు. వెళ్లింది. ఏనుగుగారు నక్క మెడలో దండ వేశారు. తర్వాత విడతకు యాభై ఆరు చొప్పున డెబ్బై ఏడు విడతల్లో ఆకులన్నీ మేఘమెక్కాయి. ఒక్కటీ తగ్గలేదు.

తొమ్మిదో రోజుకి కొత్త గుహ సిద్ధమైంది. "దించండి," అన్నారు ఏనుగుగారు.

"అనుమతి లేదండీ," అంది కొంగ.

"దానికేముంది! దరఖాస్తు పెట్టమ్మాయ్. నీ ఆకు సరిచూసి సంతకం పెట్టేస్తా," అన్నాడు నక్క.

"ఆకులు మేఘంలో ఉన్నాయి సార్."

"అందుకేగా దరఖాస్తు పెట్టమంటున్నా."

ఈ సంగతి సాయంత్రానికల్లా అడవంతా పాకింది. మర్నాడు ఒక్క జంతువూ బొరియ వదల్లేదు. నీలవేణి సెలవు చీటీ పంపి తొర్ర వాకిట్లో బైఠాయించింది. లోపల ముప్పై ఆరు గింజలున్నాయి. రోజుకి ఆరు. ఆరు రోజులు.

డ్యూటీకి వచ్చింది నక్క ఒక్కడే. తిరిగి వెళ్లేసరికి అతని బొరియలో, సొంత బొరియంటూ లేని దుమ్ములగొండి కాళ్లు బారజాపుకుని ఉంది.

"లే! ఇది నాది!"

"ఆకు చూపించు మావా, లేస్తాను."

నక్క కొంగల దగ్గరికి పరిగెత్తాడు. "నా చేత్తో నేనే సంతకం పెడుతున్నా, దించండి!"

"మీ ఆకు జత చెయ్యలేదండీ. చెల్లదని మీరే రాశారు."

రొప్పుతూ వచ్చి ఉడుత చెట్టు కింద కూలబడ్డాడు. "అమ్మాయ్, నువ్వే ఏదో ఒకటి ఆలోచించు."

"ఆలోచిస్తాను సార్. ముందు గింజలు తెచ్చిపెట్టండి. ఈ అడవిలో బయట తిరగ్గలిగింది మీరొక్కరే. పోగొట్టుకోవడానికి మీకింక బొరియ లేదు కదా."

ఆ రోజు నుంచి భద్రతాధికారి ఇంటింటికీ గింజలు మోస్తున్నాడు. ఆకులు పైన పదిలంగా ఉన్నాయని ఏనుగుగారు నెలనెలా నివేదిక పంపుతున్నారు.

నీతి: సొంతదారుకి కూడా అందకుండా దాచినప్పుడే భద్రత నూటికి నూరు పాళ్లు.