గణపతి చేతిలో నా బేస్ గిటారు

పెళ్లి ఫొటోలో పెళ్లికొడుకు మేనమామ తోడల్లుడు ఎలా కనిపిస్తాడో, ఆర్కెస్ట్రాలో బేస్ గిటారు వాయించేవాడూ అలాగే కనిపిస్తాడు. ఒక భుజం, సగం చెవి. కాలేజీ రోజుల్లో మా ఆర్కెస్ట్రా ఫొటోలన్నిటిలో ఆ సగం చెవి నాదే.

మామూలు గిటారు పాడుతుంది. బేస్ గిటారు నాలుగు లావుపాటి తీగలతో అడుగు నుంచి దుగ్ దుగ్ అంటుంది. నేను ఆపేస్తే ఏదో తగ్గిందని జనానికి అనిపించేది. ఏం తగ్గిందో మాత్రం ఎవరికీ తెలిసేది కాదు. తెలిసిన మనిషి ఒక్కతే, మా ఆవిడ సూర్యప్రభ. "అందరి పాట చెవులకొస్తది. మీది కూసున్న కుర్చీకొస్తది" అనేది. నా సంగీత జీవితంలో నాకు దక్కిన బిరుదు అదొక్కటే.

సూర్యప్రభ పోయి నాలుగేళ్లయింది. పదో రోజుకని వచ్చిన మా ఆండాళక్క, మర్నాడు నేను చేసిన ఉప్మా నోట్లో పెట్టుకుని, మూట విప్పేసి ఇక్కడే ఉండిపోయింది. చెడ్డ వంట కూడా మనిషికి ఒక్కోసారి మేలు చేస్తుంది.

అక్కతో ఒకటే ఇబ్బంది. నాకు పాత సామాను పిచ్చి. గొట్టం లేని గ్రామఫోను, వేళ కాని వేళ గంటలు కొట్టే గడియారం, తాళంచెవి లేని ఇనప్పెట్టె వచ్చేదాకా ఓర్చుకుంది. ఇనప్పెట్టె తన కాలి మీద పడ్డ రోజున దేవుడి ముందు నిలబడి, తను పాడే భజన మండలి ఆడవాళ్లందరూ వింటుండగా ఒట్టేసింది.

"ఇంకొక్క పాత సామాను ఈ గడప దాటిందంటె, సైదాబాద్ల కొడుకింటికి పోత. దీపం మీద ఒట్టు!"

ఒట్టంటే ఒట్టే. అక్క పోతే నాకు మిగిలేది నేను, నా ఉప్మా.

సరిగ్గా అప్పుడే, గురువారం గురువారం పాత సామాను అమ్మే జుమ్మెరాత్ బజార్‌లో, విరిగిన మిక్సీల మధ్య అది కనిపించింది. నా కాలపు బేస్ గిటారు. మెడ విల్లులా వంగింది. రంగు పొక్కులు లేచింది. తీగలు తుప్పు.

"లేలో సాబ్, మజ్బూత్ హై! కుచ్ నహీ తో కపడే సుఖాలేనా" అన్నాడు అమ్మేవాడు. వాయించడం రాకపోతే బట్టలారేసుకోమని సలహా. నేను బేరం కూడా ఆడలేదు. కొనేశాను.

ఇంటికి తేలేను. దుప్పట్లో చుట్టి, ధూల్‌పేట్‌లో గణపతి బొమ్మలు చేసే వైకుంఠం దగ్గరికి మోసుకుపోయాను. మేమిద్దరం ఒకే బడిలో చదివాం.

"మా అక్కకు మాత్రం చెప్పకు, వైకుంఠం."

"నేనెందుకు చెప్తనన్నా? గింతమంది దేవుళ్లున్నరు ఈడ, ఒక్కరన్న నోరు విప్పిన్రా?"

ఆ రోజు నుంచి నేను పొద్దున్నే 'వాకింగ్'కి వెళ్లసాగాను. వైకుంఠం చెక్కకు రంగు వేశాడు. నేను మెడ సరిచేశాను, కొత్త తీగలు కట్టాను, లోపలి వైర్లు అతికించబోయి వేలు కాల్చుకున్నాను.

"వేలికేమైందిరా?" అంది అక్క.

"పెనం తగిలింది."

"పొయ్యి కాడికి నువ్వెప్పుడు వొయినవ్?"

"నిద్రలో నడిచానేమో."

"మరి అంగీకి ఈ బంగారు రంగేంది? వాకింగ్ పోతె చెప్పులకు మట్టి అంటుతది గని!"

"సూర్యోదయం, అక్కా. ఇవాళ మరీ బంగారంలా ఉంది."

అక్క నా కంచంలో ఇంకో జొన్నరొట్టె వేసింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

చవితికి రెండు రోజుల ముందు ధూల్‌పేట్ వెళ్లేసరికి, నా గిటారు మూలన లేదు. కొలువుదీరిన ఓ పెద్ద గణపతి చేతుల్లో ఉంది. వేళ్లను మట్టితో మెత్తి మరీ పట్టించాడు. స్వామి నాకంటే ఒడుపుగా పట్టుకున్నాడు.

"మీ అక్క ఒచ్చిందన్నా, మీ గల్లీకి గణపతిని మాట్లాడనీకె. ఇదేందని అడిగె. నీ పేరు చెప్పొద్దంటివి గదా, గణపతిది అన్న. 'అయితె ఆయన చేతులనే వెట్టు' అన్నది."

"తీసెయ్యవయ్యా!"

"కండ్లు దిద్దినంక దేవుని చేతులకెల్లి గుంజుతరా? నాతోని గాదు. గుంజుడంటె నువ్వే గుంజు, పాపం నీది."

గణపతి నన్నే చూస్తున్నాడు. నేను గుంజలేదు.

అలా నా గిటారు హుస్సేనీ ఆలంలోని మా గల్లీకే ఊరేగుతూ వచ్చింది. పందిట్లో అందరూ దాన్నే మెచ్చుకున్నారు. నేను రోజూ కొబ్బరికాయ కొట్టి మొక్కుకున్నాను. లోకమంతా విఘ్నాలు తొలగించమని మొక్కుతుంటే, నేను మాత్రం నిమజ్జనానికి ఒక్క విఘ్నం కల్పించమని మొక్కాను.

స్వామి వినలేదు. నిమజ్జనం రోజు రానే వచ్చింది. లారీ వచ్చి వీధి మొదట్లో ఆగింది. ఇంకాసేపట్లో నా గిటారు సాగర్ చెరువు నీళ్లలో ఉంటుంది. జనం అన్నదానం పంక్తిలో కూర్చున్న సమయం చూసి, స్టూలెక్కి, స్వామికి క్షమాపణ చెప్పుకుని, గిటారు మెడ పట్టుకున్నాను. ఇటు నుంచి నేను లాగాను. అటు నుంచి ఆయన వదల్లేదు.

అంతలో వెనక తాళాలు మోగాయి. భజన మండలి! ముందు అక్క, పక్కన పళ్లెంతో హారతి ఆగమ్మ. పేరుకే ఆగమ్మ, హారతి మొదలుపెట్టిందంటే ఆగదు.

"ఏం చేస్తున్నవ్‌రా, విఠలూ?"

"దుమ్ము... దుమ్ము దులుపుతున్నా."

"అయ్యో, చూడున్రి! దేవుడు పోతుండని ఎట్ల పట్టుకున్నడో!" అని ఆగమ్మ కళ్లొత్తుకుంది. "కదలకు బాపూ, హారతి అయ్యేదాక గట్లనే ఉండు!"

ఉన్నాను. చేతులు పైకి, స్టూలు ఊగుతూ, స్వామి తొండం నా చెవికి తగులుతూ. ఆగమ్మ ఒక హారతి ముగించి, నా భక్తికి కరిగిపోయి ఇంకోటి ఎత్తుకుంది. ఎవరో నా మెడలోనూ దండ వేశారు. మూడో హారతికి కింద స్టూలు దుగ్ దుగ్ అనసాగింది.

"అక్కా! అది నాది! జుమ్మెరాత్ బజార్ల కొన్న! పాత సామానే! సాగర్ల వెయ్యకు, నువ్వు సైదాబాద్ పోకు!" అని అరిచేశాను. ఇన్నాళ్లూ కాపాడుకొచ్చిన పుస్తకాల తెలుగు కూడా ఆ స్టూలు మీదే జారిపోయింది.

తాళాలు ఆగాయి. ఆగమ్మ కూడా ఆగింది.

"తెలుసు, దిగు" అంది అక్క.

"ఎట్ల తెలుసు? వైకుంఠం చెప్పిండా?"

"నీ వేళ్లు చెప్పినయి. ప్రభ ఉన్నప్పుడు అన్నం ముందల కూసుంటె పళ్లెం మీద టకటక కొట్టెటోనివి. ప్రభ పోయినంక నీ వేళ్లు కదలంగ నేను చూడలె. ఆ జుమ్మెరాత్ నాడు ఒచ్చి కూసున్నవో లేదో, షురువైనయి."

స్టూలు మీంచే నా వేళ్లకేసి చూసుకున్నాను.

"మరి చక్కగ ఇంటికే తెచ్చుకో అంటె అయిపోయేది గదక్కా!"

"ఎట్లంట? దీపం మీద ఒట్టు వెట్టుకుంటి. పాత సామాను గడప దాటొద్దు." అక్క కొంగు దోపుకుని, తడిగుడ్డతో స్వామి వేళ్ల దగ్గరి మట్టి మెత్తబరిచింది. గిటారు వెన్నలా చేతిలోకి వచ్చింది. దాన్ని కళ్లకద్దుకుని నా చేతుల్లో పెట్టింది. "దేవుని చేతులకెల్లి ఒచ్చింది పాత సామానెట్లయితదిరా? ప్రసాదం!"

స్టూలు మీంచి దిగి అక్క కాళ్లకు దండం పెట్టబోయాను. ఆమె నా చెయ్యి పట్టి ఆపింది.

"ఆగు. ప్రసాదం ఒక్కనివే తింటవా? పంచాలె. ఇగ శనివారం శనివారం మా భజనల కూసోని వాయించాలె. అందరు విన్నరు గదా?"

"విన్నం!" అన్నారు మండలి ఆడవాళ్లు.

"బేస్ గిటారుతో భజనా, అక్కా?"

"ఎందుకు, గణపతి పది దినాలు పట్టుకోలేదా?"

ఇప్పుడు ప్రతి శనివారం, పదకొండు మంది ఆడవాళ్ల వెనక, గోడకానుకుని కూర్చుంటున్నాను. మండలి ఫొటో తీశారు. ఒక భుజం, సగం చెవి.

మొదటి శనివారం భజన అయ్యాక ఎలా ఉందని ఆగమ్మను అడిగాను.

"నువ్వు గూడ వాయించినవా, బాపూ?" అంది.

అక్క మాత్రం చాప చుడుతూ, తలెత్తకుండా అంది: "చెవులకేం రాలె గని, చాప మాత్రం వణికిందిరా."