అసర్ తర్వాత

గురువారం సెలవు. ఆరు రోజుల డ్యూటీ తర్వాత దొరికిన సెలవు కాబట్టి, జ్ఞానమణి పక్కమీద ఉండగానే ఆ రోజు పనులన్నీ మనసులో వరసగా పేర్చుకుంది. బట్టలు మెషీన్లో వేయాలి. తలంటుకోవాలి. ఫ్రీజర్లో ఉన్న కోడిని వండాలి. మధ్యాహ్నం ఓ కునుకు తీయాలి. సాయంత్రం అయిదింటికి, పాలకొల్లు ఇంటర్నెట్ సెంటర్లో నాయనమ్మ పక్కన కూర్చుని ఉండే కూతురు జాయ్సీని కంప్యూటర్లో చూసుకోవాలి. మరీ పెద్ద కోరికలేం కావు. కానీ వాషింగ్ మెషీన్ స్విచ్ వేసిందో లేదో, లోపలి గదిలోంచి శాంసన్ కేక వినిపించింది.

"మణీ, ఆపు! కరెంటు ఊగుతోంది!"

"ఊగుతున్నది బట్టలండీ."

"ఇవాళ మెషీన్ లేదు, మిక్సీ లేదు. థామస్ గారు చూసిపోయేదాకా ఏ ప్లగ్గూ ముట్టుకోకు."

తడిసిన బట్టలు తడిసినట్టే ఉండిపోయాయి. జ్ఞానమణి రోట్లో మసాలా నూరుకుంటూ కూర్చుంది. థామస్ గారి పేరు చెబితే ఆమె దేనికైనా ఒప్పుకుంటుంది.

తబూక్ ప్రభుత్వాసుపత్రిలో ఆమెకిది ఏడో సంవత్సరం. శాంసన్ వచ్చి రెండున్నరేళ్లయింది, మెహరం వీసా మీద. అంటే భార్యకి తోడుగా ఉండే మగమనిషి. ఆయన అకామా మీద, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కార్డు మీద, పని చేయడానికి వీల్లేదని అరబ్బీలో ఒక ముద్ర ఉంటుంది. భీమవరంలో కంప్యూటర్ పాఠాలు చెప్పిన మనిషికి ఆ ముద్ర చదవడం రాకపోయినా అర్థం మాత్రం రోజూ తెలుస్తూనే ఉంటుంది. ఆమె ఉద్యోగం మీద మొగుణ్ణి తెచ్చుకోవచ్చు కానీ పిల్లని తెచ్చుకోవడం కుదరదని ఆసుపత్రి ఆఫీసువాళ్లు తేల్చేశారు. పిల్ల రావాలంటే తండ్రికి సొంత ఉద్యోగం, సొంత అకామా ఉండాలి. విజయవాడ నుంచి వచ్చి రియాద్‌లో ఓ కంపెనీలో పెద్ద ఇంజనీరైన థామస్ గారు, "నీ సర్టిఫికెట్లు నాకొద్దు శాంసన్. ఇంట్లో సర్వర్ పెట్టానంటున్నావుగా, నేను ఇక్కణ్నుంచే దాంట్లోకొచ్చి అరగంట పని చేసి చూస్తా. బాగుంటే ఉద్యోగం నీదే" అన్నారు. ఆ మాట అన్నప్పట్నుంచి జాయ్సీకి ఫోన్లో ఒకటే కబురు: నాన్నకి పరీక్షుంది, పాసైతే నువ్వొచ్చేస్తావు.

సర్వరంటే హరాజ్‌లో, అంటే పాత సామాన్ల సంతలో దొరికిన పెద్ద ఇనప్పెట్టె. బీరువాలో సగం ఉంటుంది, మిక్సీలా అరుస్తుంది. చల్లగా లేకపోతే ఆగిపోతుందని దాన్ని బెడ్‌రూంలో ఏసీ కింద పెట్టాడు. డ్యూటీ నుంచి వచ్చిన జ్ఞానమణి హాల్లో ఫ్యాన్ కింద పడుకుంటుంది.

"ఇందులో నాలుగు కంప్యూటర్లున్నాయి మణీ" అని తెచ్చిన రోజే వివరించాడు శాంసన్. "వర్చువల్ మెషిన్లంటారు. నిజంగా లేవు, కానీ ఉన్నట్టే. ఒక ఇంటిని నాలుగు పోర్షన్లు చేసి అద్దెకిచ్చినట్టన్నమాట."

నిజంగా లేకపోయినా ఉన్నట్టే ఉండేవాటితో కాపురం తనకి కొత్త కాదని జ్ఞానమణి అనుకుంది. పైకి అనలేదు. ఎందుకంటే ఆయన మీద ఆమెకొక కృతజ్ఞత ఉంది. డ్యూటీ నుంచి వచ్చేసరికి తెల్ల యూనిఫారాలు కత్తిలాంటి మడతలతో హ్యాంగర్లకి వేలాడుతుంటాయి. "మా ఆయనకి ఉద్యోగం లేకపోతేనేం, నా బట్టల మీద ఒక్క ముడతుండదు" అని వార్డంతా చెప్పుకుంది.

రెండు వారాలుగా సర్వర్‌కి జబ్బు చేసింది. ఉండుండి మొద్దులా అయిపోతుంది. ఒక పోర్షన్ నుంచి మెమరీ తీసి ఇంకో పోర్షన్‌కి ఇచ్చాడు. ఇంకో పోర్షన్ నుంచి తీసి మొదటిదానికిచ్చాడు. నాలుగూ కలిసి మూలిగాయి. జ్ఞానమణికి కంప్యూటర్లు తెలియవు గానీ మూలుగు తెలుసు. జ్వరమొస్తోందంటే చాలదు, ఏ వేళకెంతో రాయాలి. షిఫ్టులు మారినప్పుడల్లా ఇంట్లో ఉన్న వేళల్లో ఒక్కో గంటకీ తెర మీద ఇంటర్నెట్ కిటికీ ఒకటి తెరిచి, అది తెరుచుకోడానికి ఎన్ని సెకన్లు పట్టిందో ఆసుపత్రి చార్టు మీదే చుక్కలు పెట్టింది. ఆ ఉదయం ఆ కాగితం తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"ఏవండీ, ఇది రోజుకి నాలుగుసార్లే పడుకుంటోంది. అది కూడా, తెల్లవారుజామున తప్ప, మసీదులో అజా వినబడిన కాసేపటికి. అరగంట ఉండి లేస్తోంది."

శాంసన్ నవ్వాడు. "ఇది పేషెంటు కాదు మణీ, మెషీను. మెషీన్లకి వేళలుండవు." అని కాగితాన్ని మడిచి మౌస్ కింద పెట్టుకున్నాడు. మౌస్ హాయిగా కదిలింది.

చార్టు నచ్చని శాంసన్‌కి దానం మాట నచ్చింది. దానం మూడో అంతస్తులో ఉండే ఎక్స్‌రే టెక్నీషియన్. ఏదీ నేర్చుకోకుండానే అన్నీ తెలిసిన మనిషి. ఆ పొద్దున్నే వచ్చి సర్వర్ మీద చెయ్యేసి, "ఒంట్లో ఏం లేదు బావా, అంతా నెట్‌వర్కే. నీ నాలుగో మెషీన్ని లోపల దాచావు. బ్రిడ్జి పెట్టి బయటికి, బిల్డింగ్ లైన్లోకి వదులు" అన్నాడు. శాంసన్ వదిలాడు.

ఆ బిల్డింగ్‌లో ఉన్న ఎనిమిది ఫ్లాట్లకీ ఇంటర్నెట్ శాంసన్ ఇంట్లోంచే వెళుతుంది. కిటికీల్లోంచి బట్టల దండేల్లా తీగలు వేలాడుతుంటాయి. ఎవరైనా కంప్యూటర్ తెరిస్తే, మోడెం దానికొక నంబరిచ్చి లోపలికి పంపిస్తుంది. బయటికొచ్చిన నాలుగో మెషీను అది చూసి, తనకేం తక్కువని తనూ నంబర్లు పంచడం మొదలెట్టింది. దాని దగ్గర నంబరు తీసుకున్నవాళ్లు ఎక్కడికీ చేరలేదు. మధ్యాహ్నం మూడయ్యేసరికి ఫ్లాట్లన్నిట్లోనూ ఇంటర్నెట్ పోయింది.

మొదట రూబీ వచ్చింది. పసిపిల్లల వార్డులో నర్సు, మొగుడు కువైట్‌లో.

"అక్కా, మా ఆయన్ని సగం తిట్టాను. మిగతా సగం ఆగిపోయింది. ఇప్పుడాయన నేనలిగి కట్ చేశాననుకుని సంతోషంగా ఉంటాడు."

తర్వాత కింది ఫ్లాటు సాబేరా వచ్చింది. తమ్ముడి వీసాకి పాస్‌పోర్టు కాపీ పంపుతుంటే సగంలో నిలిచిపోయిందట. "పేరు వెళ్లింది, ఫోటో వెళ్లలేదు. మా వాడు తలకాయ లేకుండా కూర్చున్నాడు అక్కడ."

అలా హాలు నిండిపోయింది. వచ్చినవాళ్లెవరూ వెళ్లలేదు. ఇంటర్నెట్ లేని ఇంటికెళ్లి ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. జ్ఞానమణి పదకొండు మందికి టీ పెట్టింది. కునుకు సంగతి ఆమే మరిచిపోయింది.

"ముందు దీన్ని సరిచేయండి" అంది లోపలికెళ్లి.

"చేస్తా. చాలా టైముంది. థామస్ గారు అసర్ నమాజు తర్వాత లైన్లోకొస్తానన్నారు. ఇక్కడ అసర్ అజా నాలుగూ అయిదుకి. నమాజయ్యి దుకాణాలు తెరిచేసరికి నాలుగున్నర. స్నానం చేసొచ్చి కూర్చుంటా." అని శాంసన్ తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

నాలుగు కావడానికి పది నిమిషాలుందనగా ఫోన్ మోగింది. జ్ఞానమణి తీసింది.

"శాంసన్ లేడామ్మా? నేను థామస్‌ని. మొదలుపెడదామా?"

"అసర్ తర్వాత కదండీ?"

"అయిపోయిందిగా."

"ఇంకా అజా కూడా అవలేదండీ."

"మాకయిపోయి అరగంటైంది."

పొద్దు ముందు రియాద్ మీదుగా వెళ్లి ఆ తర్వాతే తబూక్ వస్తుందనీ, అక్కడి అసర్‌కీ ఇక్కడి అసర్‌కీ ముప్పావుగంట పైనే తేడా అనీ ఆ ఇద్దరు కంప్యూటర్ ఇంజనీర్లలో ఒక్కరూ ఆలోచించలేదు. జ్ఞానమణి బాత్‌రూం తలుపు బాదింది. శాంసన్ చెవుల్లో సబ్బు నురగతో, తువ్వాలుతో వచ్చి సర్వర్ ముందు కూలబడ్డాడు. హాల్లో ఆడవాళ్లు మర్యాదగా గోడవైపు తిరిగారు.

పది నిమిషాలు బాగానే నడిచింది. స్పీకర్లో థామస్ గారు "ఊఁ... ఊఁ..." అంటున్నారు. అజా వినిపించింది. కింద దుకాణాల షట్టర్లు ఒకటొకటే దిగాయి. అంతే, సర్వర్ మొద్దుబారింది.

"ఏంటయ్యా శాంసన్, మౌస్ ఇప్పుడు కదిపితే రేపు కదిలేట్టుంది?"

"ఒక్క నిమిషం సార్." శాంసన్ ఒక మెషీన్‌ని ఆపాడు. లాభం లేదు. ఇంకోటి ఆపాడు. దానం వెనక నుంచి "బ్రిడ్జి వెడల్పు చెయ్ బావా" అన్నాడు. శాంసన్ మెడ మీద నురగ చెమటలో కలిసి కారుతోంది.

జ్ఞానమణి గడియారం చూసింది. మౌస్ కింద నలిగిన తన చార్టు చూసింది. ఆపరేషన్ థియేటర్లో కడుపు కుట్టేముందు దూదిముక్కలు లెక్కపెట్టే అలవాటు కొద్దీ, మోడెం దగ్గర వంగి తీగలు లెక్కపెట్టింది. ఒకటి సర్వర్‌ది. ఫ్లాట్లకెళ్లే పెట్టెది ఒకటి. మూడోది ఇంకొకటుంది.

"ఇదెవరిదండీ?"

శాంసన్ తెరవైపే చూస్తూ కూర్చున్నాడు. ఆయన వినలేదని కాదు.

ఆ తీగ పట్టుకుని వెళితే వంటింటి కిటికీ వచ్చింది. కిటికీలోంచి, గాలి కోసం బిల్డింగ్ మధ్యలో వదిలిన గొయ్యిలోకి దిగి, అడుగున లాండ్రీ దుకాణం వెనక కిటికీలోకి దూరింది. నమాజు వేళ షట్టర్ దించిన దుకాణం తలుపు ఓ ఆడది వెళ్లి కొట్టడం జరిగే పని కాదు. జ్ఞానమణి కిటికీలోంచి సగం బయటికి వంగి కేకేసింది.

"భోజన్నా!"

ఆర్మూరు నుంచి వచ్చి ఆ లాండ్రీలో ఇస్త్రీ చేసే భోజన్న తల కింద కనిపించింది.

"ఏందక్కా? షాపు బంద్‌ల ఉన్నది. తెరిచినంక పంపిస్త. నీ యూనిఫారాలు తయార్‌గనే ఉన్నయి."

"నా యూనిఫారాలా?"

"రోజు నేనే జేస్త గదా! సారు నాకు నెట్టు వైరిచ్చిండు, నేను ఇస్త్రి జేసిస్తున్న. సారు జెప్పలేదా?"

జ్ఞానమణి కిటికీ అంచు గట్టిగా పట్టుకుంది. రెండున్నరేళ్ల కృతజ్ఞత ఆ గొయ్యిలో పడుతున్నట్టే అనిపించింది. అయినా వార్డులో నేర్చుకున్న బుద్ధి ఒకటుంది. ముందు రక్తం ఆపాలి, దెబ్బ ఎలా తగిలిందని తర్వాత అడగొచ్చు.

"ఆ వైరు పీకెయ్యి భోజన్నా."

"ఇప్పుడా? రాత్రి సంది బంద్ జెయ్యని కంప్యూటర్ల సిన్మ దిగుతున్నదక్కా. దర్జీ నర్సింలు, టైర్ల దుకాణం దేవన్న అందరు రెండు వారాల సంది గీ టైముకు వచ్చి కూసుంటున్నరు. షట్టర్ దించినంక బయటికి పోరాదు, లోపట పని జేయరాదు. మాకు దొరికేదే గీ అరగంట."

"మా ఆయన ఉద్యోగం పోతుంది!"

భోజన్న తల కిటికీలోంచి ఇంకాస్త బయటికొచ్చింది.

"సారుకు ఉద్యోగం ఉన్నదా అక్కా?" భోజన్న నిజంగానే అడిగాడు.

"ఇప్పుడు రావాలి. వస్తే మా పాపొస్తుంది. పీకు నాయనా!"

"పాపొస్తదా? గట్ల జెప్పు మరి."

తీగ వదులైంది. లోపల్నుంచి నర్సింలు గొంతు, "అరె, పెండ్లి పీటల మీద గుంజితివి గదరా!" అని ఏడ్చినంత పని చేసింది.

జ్ఞానమణి లోపలికొచ్చేసరికి స్పీకర్లో థామస్ గారు నవ్వుతున్నారు. "శభాష్! గుర్రంలా పరిగెడుతోంది. ఇంత చిన్న లైను మీద ఇంత స్పీడు నేనెక్కడా చూళ్లేదు. ఏం చేశావయ్యా?"

ఎనిమిది ఫ్లాట్లకి ఇంటర్నెట్ లేదు. లాండ్రీకి లేదు. ఉన్న లైనంతా ఆ ఇనప్పెట్టె ఒక్కటే తాగుతోంది.

"చిన్న ట్యూనింగ్ సార్" అన్నాడు శాంసన్.

భార్య చేతికంటుకున్న బూజు వైపు చూడకుండానే అన్నాడు. ఇంకో పావుగంటకి థామస్ గారు పని ముగించి గొంతు సవరించుకున్నారు.

"సెలెక్టెడ్. ఖఫ్జీలో మా సైటుంది, కువైట్ బోర్డర్ పక్కన. ఒకటో తారీఖుకల్లా జాయినవ్వాలి. అకామా మార్పిడి కంపెనీయే చూసుకుంటుంది. బ్యాచిలర్ స్టేటస్, ఫ్యామిలీని తెచ్చుకోడానికి లేదు. రూముకి నలుగురు, భోజనం కంపెనీది. ఓకేనా?"

"ఓకే సార్. థాంక్యూ సార్. థాంక్యూ వెరీ మచ్ సార్."

హాల్లో చప్పట్లు మోగాయి. జ్ఞానమణి చప్పట్లు అయ్యేదాకా ఆగింది.

"ఫ్యామిలీ స్టేటస్ అడగలేదేంటండీ?"

"మొదటే అడిగితే ఏం బాగుంటుంది మణీ? రెండేళ్లు పోనీ. పర్మినెంటయ్యాక నెమ్మదిగా..." శాంసన్ తువ్వాలుతో చెవులు తుడుచుకున్నాడు. ఆయన ముఖం పదేళ్లు చిన్నదైపోయింది. ఎంతకాలమైందో ఆ ముఖం చూసి. ఆమె చేతి బూజు తుడుచుకుంది.

అప్పుడే రూబీకి గుర్తొచ్చింది. "అక్కా, బావగారి అకామా నీ దాంట్లోంచి వెళ్లిపోతే మరి ఈ ఫ్లాటు? ఇది మెహరం ఉన్నవాళ్లకే కదా ఇస్తారు?"

అందరికీ తెలిసిన సంగతే. నర్సుల హాస్టల్ జ్ఞానమణికి కొత్త కాదు, నాలుగేళ్లు ఉండొచ్చింది. తొమ్మిదింటికి గేటు వేస్తారు. అక్కడా రూముకి నలుగురే.

"ఎప్పుడు ఖాళీ చేస్తారు అక్కా?" దానం గొంతు తగ్గించి అడిగాడు. "ఊరికే. మా తోడల్లుడు ఫ్లాటు కోసం చూస్తున్నాడు."

"బెడ్‌రూం ఏసీ మీ సొంతమా, ఆసుపత్రిదా?" అంది సాబేరా.

కాసేపటికి అభినందనలు చెప్పి, ఇంటర్నెట్ ఎప్పుడొస్తుందో అడిగి, అందరూ వెళ్లిపోయారు. శాంసన్ బట్టలేసుకుని భోజన్నకి స్వీట్లు ఇచ్చొస్తానని కిందికి దిగాడు. వాషింగ్ మెషీన్లో బట్టలు ముక్కిన వాసన కొడుతున్నాయి.

అయిదైంది. జ్ఞానమణి సర్వర్ ముందు కూర్చుని కెమెరా పెట్టుకుంది. రెండున్నరేళ్లుగా జాయ్సీ ఆ తెరమీద ముక్కలు ముక్కలుగానే వచ్చేది. ముందు నోరు, కాసేపటికి మాట, బొమ్మ బిగుసుకుపోయాక నవ్వు. ఇవాళ మొత్తం పిల్ల ఒక్కసారే వచ్చింది. పై పన్నొకటి ఊడింది. మెడ దగ్గర చెమటకాయలు కూడా కనిపిస్తున్నాయి.

"అమ్మా, నాన్న పరీక్ష పాసయ్యారా?"

"పాసయ్యారమ్మా."

"మరి నేనెప్పుడు రావాలి?"

రెండున్నరేళ్లలో లైను తెగిపోతే బాగుండునని జ్ఞానమణి కోరుకున్నది ఆ ఒక్కసారే. అప్పుడు మాత్రం అది అద్దంలా ఉంది.