ఎక్స్‌రే గదిలో నక్క గారి శిక్షణ

ఒక పెద్ద అడవిలో, జంతువులన్నీ ముచ్చటపడి కట్టుకున్న ఆసుపత్రికి ఎక్స్‌రే మిషన్ వచ్చింది. సూపరింటెండెంటు నక్క, జంబుకేశ్వర్రావు, రిబ్బన్ కత్తిరించాడు, ఫొటోలు దిగాడు. ఆ గదిలో పనిచేసేవాళ్ళకి జాగ్రత్తలు నేర్పించడం ఒక్కటే మరిచిపోయాడు.

ఆయాగా చేస్తున్న ఎలుగుబంటి భల్లూకమ్మ ఓ రోజు ధైర్యం తెచ్చుకుని అడిగింది.

"సార్, ఎక్స్‌రే తీసేటప్పుడు కదిలే పిల్లల్ని నన్నే పట్టుకోమంటున్నారు. ఆ కిరణాలు నాకూ తగులుతాయంట. కడుపుతో ఉన్నాను. కిరణాల్ని ఆపే ఆ సీసం కోటైనా ఇప్పించండి."

"అది ఏనుగు కొలతకి వచ్చిందమ్మా, నువ్వు మొయ్యలేవు. అయినా కంటికి కనిపించని దానికి భయమేంటి?"

"కనిపిస్తే తప్పుకునేదాన్ని కదా సార్!"

నక్క ఫోను మోగినట్టు నటించి వెళ్ళిపోయాడు.

ఇంతలో తనిఖీకి గద్ద వస్తోందని కబురొచ్చింది. సిబ్బందికి శిక్షణ లేకపోతే గదికి తాళమే. నక్క గబగబా అందరినీ పోగేసి ఉప్మా పెట్టించాడు.

"శిక్షణ అంటే ఇంతే. ఎవరేం అడిగినా ఒకటే మాట: ఎర్ర లైటు వెలుగుతుంటే లోపలికి అడుగు పెట్టం! ఏదీ, అనండి."

అందరూ అన్నారు. స్ట్రెచర్ తోసే గాడిద లంబకర్ణం చెయ్యెత్తాడు.

"అసలా లైటు ఎందుకు వెలుగుతుంది సార్?"

"ప్రశ్నలు సిలబస్‌లో లేవు. ఉప్మా తిను."

మిషన్ నడిచేటప్పుడే వెలగాల్సిన ఆ గుమ్మం పైన లైటుని మిషన్‌కి కలిపించే తీరిక లేక, నేరుగా కరెంటుకి కలిపించేశాడు నక్క. అది పొద్దున్నుంచీ ఆరకుండా వెలుగుతూనే ఉంది.

గద్ద వచ్చింది. గుమ్మంలో నిలబడి గది చూపించమంది. దర్జాగా కనబడాలని నక్క సీసం కోటు తగిలించుకుని లోపలికి నడిచాడు. రెండడుగులు వేశాడో లేదో, బరువుకి బోర్లా పడ్డాడు. తోక తప్ప ఏమీ కనబడలేదు.

"చచ్చాన్రోయ్! లంబకర్ణం! స్ట్రెచర్ తేరా!"

లంబకర్ణం గడప దాకా పరుగెత్తి, పైకి చూసి ఆగిపోయాడు.

"ఎర్ర లైటు వెలుగుతోంది సార్. అడుగు పెట్టం."

"భల్లూకమ్మా, నువ్వైనా రా తల్లీ!"

ఆమె పొట్ట మీద చెయ్యి వేసుకుని నాలుగడుగులు వెనక్కి జరిగింది. "నేనస్సలు రాను సార్."

"ఒరే దద్దమ్మల్లారా! మిషన్ ఆపే ఉంది. ఆగిపోతే కిరణాలుండవు! ఆ లైటు ఉత్తుత్తిది, తనిఖీ కోసం పెట్టించాను!"

గద్ద మెడ తిప్పి లైటు వంక చూసింది. "ఓహో," అంది.

గదికి తాళం పడింది. సరైన శిక్షణ ఇచ్చి, లైటు మిషన్‌కి కలిపించి, కొలతకి తగ్గ కోటు కుట్టించాకే తెరవాలని గద్ద తేల్చి చెప్పింది. కొత్త కోటు వేసుకున్న రోజు భల్లూకమ్మ హాయిగా ఊపిరి పీల్చుకుంది.

జంబుకేశ్వర్రావు మీద సింహం గారు కఠిన చర్యే తీసుకున్నారు. అడవి మొత్తానికి భద్రతా శిక్షణ డైరెక్టరుగా వేశారు.

నీతి: ప్రమాదం గురించి ఉపన్యసించే కుర్చీ, దాన్ని తెచ్చిపెట్టినవాడికే దక్కుతుంది.