వండకూడని ఇంట గోధుమలు

ఆ పొద్దున ఎలాగైనా గోధుమల ప్రసాదం కుదిరి తీరాలని దెసాంక చొక్కా చేతులు పైకి మడిచింది. వారం తిరిగితే కూతురు నేవెన అత్తారింట వాళ్ల ఇలవేల్పు నికోలా స్వామి పండగ. కొత్త కోడలే గోధుమలు ఉడికించి, రుబ్బి, అక్రోట్లు, చక్కెర కలిపి పళ్లెంలో పేర్చాలి. నేవెనకు అది రాదు. పుట్టింటి ఇలవేల్పు మిహాయిలు దేవదూత. ఈ గోధుమలు పోయినవాళ్ల పేరున వండేవి, ఆయన చావులేనివాడు కనుక ఆయన పండగకు వండరు. ఆ ఇంట గోధుమలు ఉడికాయంటే ఎవరో పోయినట్టే.

"నేను నేర్చుకుని దానికి నేర్పుతాను. ఆ వియ్యపురాలు కొసార నోట నా పిల్ల మాట పడకూడదు," అంది భర్త మియోద్రాగ్‌తో.

అతను వినీ వినకుండానే కోటు వేసుకుని, గాలం తీసుకుని నది వైపు నడిచాడు.

రుబ్బుతుంటే కూతురిని బస్సెక్కించిన రోజు గుర్తొచ్చింది. మలుపు తిరిగేదాకా పిల్ల చెయ్యి ఊపుతూనే ఉంది. దెసాంక కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి, చెయ్యి మాత్రం ఆగలేదు.

సరిగ్గా అప్పుడే పొరుగింటి స్తామెన కిటికీలోంచి తొంగి చూసింది. గోధుమలు, కన్నీళ్లు, మేకుకు కనబడని మియోద్రాగ్ కోటు. అంటే పోయింది ఆయనే. శిలువ గుర్తు వేసుకుని వీధిలోకి పరుగెత్తింది.

కాసేపటికి తలకు నల్ల రుమాళ్లు కట్టుకుని వీధిలోని ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు.

"గుండె రాయి చేసుకో వదినా."

కూతురిని పంపిన దిగులు వీధి వీధంతా పంచుకుంటున్నదని దెసాంక కరిగిపోయింది. "కూర్చోండమ్మా. ముందు ఇది తిని, తీపి సరిపోయిందో లేదో చెప్పండి."

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. "పాపం, మతి చలించింది," అని గొణిగి తిన్నారు. "చక్కెర తక్కువైంది."

కలిపింది. తరవాత వచ్చినవాళ్లు గట్టిగా ఉందన్నారు. మళ్లీ రుబ్బింది. ఇంకొకామె ఏడుస్తూనే జాజికాయ అడిగింది. ధూపంతో ఫాదరీ వచ్చేసరికి గోధుమలు అమృతంలా కుదిరాయి, గిన్నె దాదాపు ఖాళీ అయింది.

అప్పుడే మియోద్రాగ్ చేపతో గుమ్మంలో నిలబడ్డాడు. కొవ్వొత్తులు, ఫాదరీ, గోధుమలు కనబడ్డాయి. చేప జారిపోయింది.

"దెసాంకా! నన్నొదిలి పోయావా!"

స్తామెన కెవ్వుమంది. జనంలోంచి గరిటెతో దెసాంక వచ్చింది. "ఎవరు పోయారయ్యా? ఆ బురద బూట్లు బయట విప్పు!"

"మరి ఈ గోధుమలు ఎవరి కోసమమ్మా?" అన్నాడు ఫాదరీ.

దెసాంక చెప్పింది. అందరూ స్తామెన వైపు తిరిగారు.

"మీ ఇంట గోధుమలుడికితే నేనేమనుకోవాలి? నేవెనకు ఫోన్ కూడా చేసేశాను!"

ఆ మాట పూర్తికాకముందే టాక్సీ ఆగింది. నేవెన ఏడుస్తూ దిగి తండ్రిని చూసి, ఆయన మెడ పట్టుకుని మరింత ఏడ్చింది. వెనకే నల్లబట్టల్లో వియ్యపురాలు కొసార. సంగతి విని కుర్చీలో కూలబడి, గిన్నెలో మిగిలిన చివరి చెంచా నోట్లో పెట్టుకుంది.

"ఎవరు వండారు వదినగారూ?"

"నేనే. మొదటిసారి."

కొసార గొంతు తగ్గించింది. "పండక్కి ముందే వచ్చి మా ఇంట మీరే వండండి. పిల్ల మీ పక్కన నేర్చుకుంటుంది, నేనూ చూస్తాను. నావి ఏటా గులకరాళ్లే. మొహమాటానికి మింగుతున్నారు."

తన పేరున వండిన గోధుమల్లో తనకొక్క చెంచా మిగల్చలేదని మియోద్రాగ్ పండగ దాకా అలిగాడు.